ముజ్నా అడిగిన ప్రశ్న

ముజ్నాను ఉబైద్ కొడుకు కరామాకు ఇచ్చి చేసినప్పుడు ఎడారి ఊరైన తరీంలో వాళ్ళ వీధి ఆడవాళ్ళంతా కుళ్ళుకున్నారు. కరామా అందగాడనీ కాదు, కలవాడనీ కాదు. అతను జావాకు పోడు, అదీ కారణం. ఆ రోజుల్లో తరీంలో మీసం మొలిచిన ప్రతివాడూ ఒంటెల బిడారుతో రేవుకు పోయి ఓడ ఎక్కేవాడు. తర్వాత పూల లుంగీలు వచ్చేవి, పింగాణీ గిన్నెలు వచ్చేవి, అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడన్న కబురూ వచ్చేది. మనిషి మాత్రం వచ్చేవాడు కాదు. కరామా చిన్న మసీదులో చదువు చెప్పుకుంటూ, తండ్రి వదిలిన ఖర్జూరపు తోట మీద నాలుగు మెతుకులు తింటూ, ఉన్న ఊరు వదలనని భీష్మించుకు కూర్చున్నాడు.

"నీకేమే తల్లీ, మొగుణ్ణి కొంగున ముడేసుకున్నావు" అనేవాళ్ళు బావి దగ్గర.

"మీ మొగుళ్ళు సముద్రం అవతల ఉండైనా మీకు ఉత్తరం రాస్తారు. నా మొగుడు నా నెత్తి మీది గదిలో కూర్చుని దేవుడికి రాస్తాడు" అనేది ముజ్నా.

వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. కొత్త పెళ్ళికూతురు హాస్యమాడుతోంది అనుకునేవాళ్ళు.

కరామా నిజంగానే రాసేవాడు. వాళ్ళది నాలుగంతస్తుల మట్టి ఇల్లు. పైగదికి సున్నం కొట్టి తెల్లగా మెరిపించి ఉంటుంది. కిటికీలోంచి ఖర్జూరపు తోటలు కనిపిస్తాయి. తెల్లవారి నమాజు అయ్యాక ఆ గదిలోకి పోయాడంటే మళ్ళీ పిల్లల చదువు వేళకే కిందికి దిగేవాడు. చదువు చెప్పి వచ్చి మళ్ళీ ఎక్కేవాడు. మొదట్లో చిన్న చిన్న దువాలు, అంటే దేవుణ్ణి వేడుకునే ప్రార్థనలు, రాశాడు. నిద్ర లేవగానే చెప్పుకునేది, వాన రానప్పుడు చెప్పుకునేది, ఓడ ఎక్కేవాళ్ళ కోసం ఒకటి. ఆ ఓడ దువా ఎట్లా పాకిందో పాకింది. కొడుకు బయల్దేరే రోజున తరీంలో ప్రతి తల్లీ అదే చదివేది. తర్వాత 'బీదవాడి దీపం' అని ఒక పుస్తకం రాశాడు. పండితుల పుస్తకాల్లో ప్రాసలు గంటల్లా మోగుతుంటాయి. కరామా రాతలో ఆ మోత లేదు. మేస్త్రీ వింటే మేస్త్రీకి అర్థమయ్యేది, మేకలు కాసే ఆడది వింటే ఆమెకూ అర్థమయ్యేది. అందుకని జనం ఆయన్ని షేక్ కరామా అనడం మొదలుపెట్టారు. దారిలో ఎదురైతే చెయ్యి ముద్దుపెట్టుకునేవాళ్ళు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ముజ్నా సంసారం అట్లా తయారైంది. రొట్టె వేడిగా తీసుకెళ్ళి పైగది గుమ్మంలో పెడితే, అది చల్లారి, ఎండి, చీమలు పట్టినా గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఆయన కలం చెక్కుకోవడం ఆమె తలుపు సందులోంచి చూసేది. రెల్లుపుల్లను వేళ్ళ మధ్య తిప్పి, వెలుతురుకు పట్టి, కొన కోసి, మళ్ళీ వెలుతురుకు పట్టి, కడుపున పుట్టిన బిడ్డ గోరు తీసినంత జాగ్రత్తగా చెక్కేవాడు. ఆ కలం మీద ఆమెకు కడుపు మండేది. విచిత్రం ఏమంటే సిరా కలిపి ఇచ్చేది ఆమే. దీపపు మసి పోగు చేసి, జిగురు నానబెట్టి, నూరి నూరి ఇచ్చేది.

"సవతికి నా చేత్తోనే పాలు పోసి పెంచుతున్నాను" అంది ఒకసారి పక్కింటి తుహ్ఫాతో. "నిజం సవతి అయితే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చొచ్చు. ఈ సవతికి జుట్టూ లేదు, సిగ్గూ లేదు."

తుహ్ఫా తేనె వ్యాపారి అవద్ భార్య. అవద్ జావాలో చాలాకాలం ఉండి, డబ్బూ భక్తీ రెండూ సంపాదించుకుని తిరిగొచ్చాడు. పొద్దున లేస్తే తస్బీ పూసలు తిప్పడమే అతని పని. తుహ్ఫా మాత్రం మెత్తని మనిషి. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతూ వినేది.

"అట్లా అనకే ముజ్నా, పాపం తగులుతుంది. దేవుడి పనే కదా చేస్తున్నాడు."

"దేవుడికి పని చేసేవాళ్ళు కోట్లమంది ఉన్నారు. నాకున్నది ఒక్కడు."

ఇద్దరు కూతుళ్ళు పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళై అత్తవారిళ్ళకు పోయారు. ముజ్నా జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చాయి. కుళ్ళు మాత్రం ముసలిదవలేదు.

ఆ ఏడు ఖర్జూరాలు పండే ఎండల్లో ముజ్నాకు జ్వరం తగిలింది. ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే కింది గదిలో చాప మీద పడుకుని, మెట్ల వైపు తిరిగి మంచినీళ్ళు అడిగింది. పైనుంచి "ఇదిగో, వస్తున్నా" అన్న మాట వినిపించింది. మాటే వచ్చింది. మనిషి రాలేదు. కాసేపటికి తుహ్ఫా ఏదో పని మీద తొంగి చూసి, సాంబ్రాణి పొగ పట్టించిన కుండలోంచి నీళ్ళు ముంచి తాగించి, తడిగుడ్డ నుదుట వేసి, సాయంత్రం దాకా పక్కనే కూర్చుంది.

మూడో నాటికి జ్వరం దిగింది. నాలుగో నాడు కరామా మొహం వెలిగిపోతూ కిందికి దిగాడు.

"రోగుల కోసం ఒక దువా రాశాను ముజ్నా. ఎన్నాళ్ళనుంచో కుదరలేదు. ఈ మూడు రోజుల్లో ఎట్లా వచ్చిందో, వాగు వరదొచ్చినట్టు వచ్చింది."

ముజ్నా ఆయన వైపు చూసింది. తాను నీళ్ళడిగిన సంగతి నిజంగానే ఆయనకు తట్టడం లేదని ఆమెకు అర్థమైంది. కావాలని చేసినవాణ్ణి తిట్టొచ్చు. ఇట్లాంటివాణ్ణి ఏమనాలి? శుక్రవారం నాటికి వీధి ఆడవాళ్ళు ఆ దువాను కంఠస్థం చేసి వచ్చి, ఆమె నుదుటి మీద చెయ్యివేసి చదివారు. "మీ ఆయన రాసిందేనమ్మా, ఎంత చల్లగా ఉందో చూడు" అన్నారు. ముజ్నా గోడ వైపు తిరిగి పడుకుంది.

చిన్న మసీదులో ఒక అలవాటు ఉండేది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక షేక్ కరామా వాకిట్లో కూర్చుంటే శిష్యులు చుట్టూ చేరేవాళ్ళు. పక్క గోడకు మట్టి జాలీ ఉండేది, దాని వెనక ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళకు అడగాల్సింది ఏదైనా ఉంటే మసీదు ఊడ్చే ముసలి బఖీతా చెవిలో చెప్పాలి. బఖీతా జాలీ దగ్గరికి వెళ్ళి, ఎవరిదని చెప్పకుండా, తన గొంతుతో అడిగేది. ఎవరెంత బతిమాలినా అడిగింది ఫలానా అని బఖీతా నోటినుంచి వచ్చేది కాదు. షేక్ జవాబు చెబుతుంటే శిష్యులు రాసుకునేవాళ్ళు.

ముజ్నా ఎప్పుడూ ఆ జాలీ వెనక కూర్చోలేదు. ఇంట్లో ఉన్న మనిషి మాట వినడానికి వీధిలోకి పోవడమేమిటని ఆమె పంతం. జ్వరం నుంచి లేచిన వారానికి నల్ల ముసుగు దిగలాక్కుని వెళ్ళింది. బఖీతా చెవిలో నోరు పెట్టింది. బఖీతా వింటూ వింటూ కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"ఇది అడగమంటావా? ఆలోచించుకున్నావా?"

"అడుగు అత్తా."

బఖీతా జాలీ దగ్గరికి పోయి గొంతు సవరించుకుంది. "షేక్‌గారూ, ఒక చెల్లెలు అడుగుతోంది. ఆమె మొగుడు ఇంట్లోనే ఉన్నాడట, ఇల్లు మాత్రం ఖాళీగా ఉందట. చెడ్డవాడు కాడు, ఇంకో ఆడదాని మొహం చూడడు. పగలంతా దేవుడి ధ్యానంలోనే ఉంటాడట. ఆమెకు దేవుడి మీద అసూయగా ఉందట. అది పాపమేనా అంటోంది."

వాకిట్లో కలాలు ఆగిపోయాయి. జాలీ వెనక ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక శిష్యుడు "అస్తగ్‌ఫిరుల్లా" అని దేవుణ్ణి క్షమాపణ వేడుకున్నాడు.

షేక్ మాట్లాడినప్పుడు ఆ గొంతు ముజ్నా ఎప్పుడూ విననిది. ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతు కాదు అది.

"చెల్లీ, నువ్వు పాపం చేయలేదు" అన్నాడు. "ప్రేమ ఉన్నచోటే అసూయ ఉంటుంది. నీలో ఇంకా అది మిగిలి ఉన్నందుకు నీ భర్త సంతోషించాలి. అతనికి ఈ మాట చెప్పు. నాయనా, నువ్వు తలుపేసుకుని దేవుడి దయ కోసం ఎదురుచూస్తున్నావు. ఆ దయ నీ తలుపు దగ్గర ఆగలేదు. మెట్లు దిగిపోయి, నీ భార్య రొట్టె కాల్చే చోట కూర్చుని ఉంది. దాన్ని అక్కడ పలకరించనివాడికి పైన ఏం దొరుకుతుంది? చెల్లీ, ఆ మనిషి ఎవరో నాకు తెలిస్తే చెయ్యి పట్టుకుని నీ దగ్గర కూర్చోబెట్టి వచ్చేవాణ్ణి."

జాలీ వెనక ఒకామె వెక్కింది. ముజ్నా ముసుగు లోపల పెదవి కొరుక్కుంది. ఏడుపు వచ్చిందో నవ్వు వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి పొయ్యి రాజేసింది. ఏ క్షణాన్నైనా ఆయన వస్తాడు. ఇంత చెప్పినవాడికి తట్టకుండా ఉంటుందా? వంటింట్లోకి వచ్చి పక్కన కూర్చుంటాడు.

కరామా వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచాడు. వంటింటి గుమ్మం ముందునుంచే దాటిపోయి గబగబా మెట్లెక్కాడు.

"ఇవాళ మంచి మాట ఒకటి వచ్చింది, మరిచిపోకముందే రాయాలి" అని పైనుంచి వినిపించింది.

ముజ్నా పిండి ముద్దను గోడకేసి కొట్టింది.

ఆ తర్వాత జరిగిందే చిత్రం. ఆమె మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అడిగింది. మొదట కసికొద్దీ, తర్వాత ఆ గొంతు కోసం. 'మాట్లాడటం మరిచిపోయిన ఇంట్లో మొదటి మాట ఎవరు అనాలి?' అని ఒకసారి, 'ముసలితనంలో కూడా మనిషి కోసం ఎదురుచూడటం సిగ్గుచేటా?' అని ఇంకోసారి. ప్రతిసారీ షేక్ గొంతు తేనెలో ముంచి తీసినట్టు వచ్చేది. రాను రాను ఆయనే అడగసాగాడు. "బఖీతా, ఆ చెల్లెలు ఇవాళ ఏమైనా అడిగిందా?" అనేవాడు. అడగలేదంటే మొహం చిన్నబోయేది. జాలీ సందులోంచి ముజ్నా ఆ మొహం చూసింది. చూసి భగ్గుమంది.

తనకోసం పాతికేళ్ళలో ఆ మొహం అట్లా ఎప్పుడైనా చిన్నబోయిందా? ఎవత్తె అది, ఆ చెల్లెలు? తానేనని తెలుసు. తెలిసీ ఆమెను తిట్టుకునేది. ముక్కూ మొహం లేని ఆ ఆడది తన ముసుగులో దూరి తన మొగుణ్ణి ఎగరేసుకుపోయినట్టే ఉండేది ఆమెకు.

ఒక పొద్దున అల్లం కాఫీ ఇస్తూ మెల్లగా కదిపింది.

"ఎవరో ఒకామె మిమ్మల్ని తెగ ప్రశ్నలేస్తోందట. ఊరంతా చెప్పుకుంటున్నారు."

"అవును. మంచి మనసు. చాలా బాధపడ్డ మనిషి."

"ఎవరో?"

"నాకు తెలియదు. తెలుసుకోవడం మర్యాద కాదు."

"తెలియకుండానే ఇంత కరిగిపోతున్నారే, తెలిస్తే ఏమైపోతారో."

కరామా కాఫీ గిన్నె దించి ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. "ముజ్నా, ఈ వయసులో అసూయేమిటి?"

"ఆమె కూడా అసూయేగా పడుతోంది? ఆమెది పుణ్యం, నాది పాపమా?"

ఆయన కాఫీ సగంలోనే వదిలేసి పైకి పోయాడు.

శిష్యులు రాసుకున్నదంతా పోగేసి షేక్ ఒక పుస్తకం చేశాడు. దాని పేరు 'జాలీ వెనక గొంతు'. ఆయన రాసిన వాటిలో అంత పేరు దేనికీ రాలేదు. నకళ్ళు తీయడానికి పక్క ఊళ్ళనుంచి మనుషులు వచ్చారు. జావాలో ఎవరో వర్తకుడు అచ్చు వేయించాడు. తరీం ఆడవాళ్ళకు ఆ అసూయ జవాబు నోటికొచ్చేసింది. రుబ్బేటప్పుడు, మేకలను తోలుకెళ్ళేటప్పుడు, బిడ్డను జోకొట్టేటప్పుడు 'ఆ దయ మెట్లు దిగిపోయి' అని అనుకునేవాళ్ళు. ఇంట్లో మొగుడు ఉన్న ఆడవాళ్ళు మొగుళ్ళకు వినపడేలా అనేవాళ్ళు.

సరే, ఆ చెల్లెలు ఎవరు? ఊరికి నిద్ర పట్టలేదు. ఒకళ్ళు ఒకరి పేరు చెబితే ఇంకొకరు ఇంకో పేరు చెప్పారు. చివరికి అందరి చూపూ తుహ్ఫా మీద వాలింది. మొగుడు ఇంట్లోనే ఉంటాడు, తస్బీ వదలడు, ఇంకేం కావాలి? తుహ్ఫా అవుననలేదు. కాదనీ అనలేదు. ఆ మాట ఎత్తితే కళ్ళు దించుకునేది, కొంగుతో కళ్ళొత్తుకునేది. ఆడవాళ్ళు ఆమెకు ఖర్జూరపు బుట్టలు, తీపి రొట్టెలు పంపసాగారు. పెళ్ళిళ్ళలో పెద్ద దిండు వేసి కూర్చోబెట్టారు. "ఎంత భరించావమ్మా" అని చెయ్యి నిమిరేవాళ్ళు.

ముజ్నాకు అన్నం సయించలేదు. మొగుడి మనసు ఆ పేరులేని ఆడది ఎత్తుకుపోయింది. ఆ ఆడదాని ఏడుపేమో ఇప్పుడు తుహ్ఫా ఎత్తుకుపోయింది. తనకు మిగిలిందేమిటి?

నేతగాళ్ళ ఇంట్లో పెళ్ళికి గోరింటాకు పెట్టే మధ్యాహ్నం ఆమె ఓర్పు తెగింది. గది నిండా ఆడవాళ్ళు. ఒకామె రాగం తీసి ఆ జవాబు చదివింది. తుహ్ఫా ఎప్పటిలాగే కళ్ళు దించుకుంది, ఒక చుక్క రాల్చింది. పక్కావిడ ఆమెను భుజానికి హత్తుకుంది.

ముజ్నా గోరింటాకు చేతులతోనే లేచి నిలబడింది.

"ఏడవకు తుహ్ఫా. అది నీ ఏడుపు కాదు."

రాగం తీస్తున్నామె మధ్యలోనే ఆపేసింది.

"ఏమంటున్నావు ముజ్నా?" అంది పెళ్ళికూతురి తల్లి.

"నాదంటున్నాను. ఆ ప్రశ్న నాది. ఆ ఖాళీ ఇల్లు నాది. ఆ దేవుడి మనిషి నా మొగుడు. నమ్మకపోతే బఖీతాను అడగండి."

అందరూ మూలన కూర్చున్న బఖీతా వైపు తిరిగారు. ముసలిది నోరు విప్పలేదు. తల మాత్రం వంచుకుంది. అది చాలు. తుహ్ఫా చెప్పులు వేసుకోకుండానే బయటికి పోయింది.

అసర్ వేళకు ఆ కబురు తరీం దాటిపోయింది. జనం ఎంత నవ్వారో చెప్పనలవి కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు. ఊళ్ళో మొగుళ్ళందరికీ చురకలు వేసిన షేక్ సొంత వంటింటి దారి ఎరగడన్నారు. ఆ పుస్తకం పుణ్యమా అని పెళ్ళాల చేత మాటలు పడ్డ మగవాళ్ళకైతే పండగే అయింది. పెద్ద మసీదు ఇమాం పనిగట్టుకుని వచ్చి, ఆ భాగం పుస్తకంలోంచి తీసేస్తే నీకూ గౌరవం, మాకూ గౌరవం అని చెప్పి పోయాడు.

కరామా రెండు రోజులు మసీదు వాకిట్లో కూర్చోలేదు. పైగదిలోనూ కూర్చోలేదు. ఖర్జూరపు తోటలో ఒంటరిగా తిరిగాడు. మూడో రోజు ఎండ వాలుతుండగా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముజ్నా మట్టిపొయ్యి లోపలి గోడకు రొట్టె అద్దుతోంది.

"ముజ్నా, ఆ గొంతు నీదేనా?"

"గొంతు బఖీతాది. మాట నాది."

"నన్నే అడగొచ్చుగా."

"అడిగాను. జ్వరంలో మంచినీళ్ళు అడిగాను. ఇదిగో వస్తున్నా అన్నారు."

ఆయన మొహం పాలిపోయింది. జ్వరం, నీళ్ళు, మూడు రోజుల్లో వరదలా వచ్చిన దువా, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి ఉండాలి. గుమ్మం మీద కూలబడ్డాడు.

"ఊరంతా నవ్వుతోంది" అన్నాడు కాసేపటికి.

"నవ్వనివ్వండి. నేను ఏడ్చినప్పుడు ఊరికి వినపడలేదు."

"ఇమాంగారు ఆ భాగం తీసేయమన్నారు. తీసేస్తానన్నాను."

ముజ్నా గిరుక్కున తిరిగింది. "ఎవర్నడిగి తీస్తారు? అది నాది."

"రాసింది నేను కదా."

"మీరు చెప్పింది జవాబు. నేను అడగబట్టి చెప్పారు. తీస్తే నన్నడిగి తీయాలి. నేను ఒప్పుకోను."

కరామా తల పట్టుకున్నాడు. మెల్లగా భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ముజ్నా కంగారుపడి దగ్గరికొచ్చింది. నవ్వుతున్నాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి, మేకపిల్ల ఆయన తలపాగా నమిలేసినప్పుడు అట్లా నవ్వాడు.

"సరే, తీయను" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత, ఉండబట్టలేక, "జవాబు బాగుందా?" అని అడిగాడు.

"మళ్ళీ మీ రాత గోలేనా?"

"ఊరికే అడిగాను."

"జవాబు బాగుంది. అది చెప్పినాయనే బాగాలేడు. జరగండి, రొట్టె మాడుతోంది."

ఆ మర్నాటి నుంచి కరామా రాత పలక తీసుకుని వంటింటి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. పొగకు దగ్గేవాడు, దారికి అడ్డంగా కాళ్ళు చాపేవాడు, ఉప్పు అందించమంటే పసుపు అందించేవాడు. 'కొత్త కోడలు నయం' అనేది ముజ్నా. ఒకోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, ఆమె పిలిచినా పలికేవాడు కాడు. అప్పుడామె చెంబుడు నీళ్ళు తీసుకుని వచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టేది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి పలికేవాడు.

ఇంతలో ఇంకోటి మొదలైంది. ఆడవాళ్ళు ముజ్నాను చూడటానికి రాసాగారు. పుస్తకంలో ఉన్న మనిషి కదా. మొదట వింతగా చూడటానికి వచ్చారు, తర్వాత తమ గోడు చెప్పుకోవడానికి వచ్చారు. గది నిండా నవ్వులు, ఏడుపులు, గుసగుసలు. పరాయి ఆడవాళ్ళు వస్తే కరామా పైకి పోక తప్పదు. పైన కూర్చుంటే కింద నవ్వులు వినపడేవి, మాట వినపడేది కాదు. మసీదు జాలీ వెనక జనం పల్చబడ్డారు. బఖీతాకు అడగడానికి ఏమీ లేక చీపురు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీసేది.

"వాళ్ళు నిన్నేం అడుగుతారు?" అన్నాడొకనాడు.

"అవి ఆడవాళ్ళ మాటలు."

"నువ్వేం చెబుతావు?"

"అదీ ఆడవాళ్ళ మాటే."

కరామా గిన్నెలో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. "ముజ్నా, ఒక మాట చెబుతాను, నవ్వకు. నాకు కుళ్ళుగా ఉంది. వాళ్ళు నీ దగ్గరికి వస్తున్నందుకు కొంచెం. నువ్వు వాళ్ళతో అట్లా నవ్వుతున్నందుకు ఎక్కువ."

ముజ్నా నవ్వలేదు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెకు చెప్పిన మాటల్లో ఇంతగా కడుపు నింపింది లేదు. ఆ పూట ఎండబెట్టిన సొరచేప ముక్క ఆయన గిన్నెలో పెద్దది వేసింది.

యుద్ధం వచ్చి జావా దారులు మూసుకుపోయాయి. డబ్బు రావడం ఆగింది, వరసగా వానలూ ఆగాయి. తరీంలో ఇళ్ళకు ఇళ్ళు ఆకలితో మూతపడ్డాయి. షేక్ కరామా తన వంతు జొన్న వీధిలో పిల్లలకు పంచేవాడు. ముజ్నాకు అదీ కోపమే. "నాకివ్వాల్సిన మనిషిని ముక్కలు చేసి ఊరికి పెడుతున్నారు" అనేది, అని తన వంతులో సగం ఆయనకు పెట్టేది. కరువు తగ్గుముఖం పట్టాక ఆయన మంచం పట్టాడు. వంటింటి పక్క గదిలోనే మంచం వేయమన్నాడు. ఒక పొద్దున, ఎండ పొయ్యి దాకా పాకిన వేళ, ముజ్నా చేతిలో చెయ్యి ఉండగా పోయాడు. గదిలో ఇంకెవరూ లేరు.

శవం వెనక ఊరు ఊరంతా కదిలింది. ముజ్నా కిటికీలోంచి చూసింది. ఆ మగవాళ్ళంతా 'మా షేక్, మా షేక్' అని ఏడుస్తుంటే, మీ షేక్ ఎట్లా అయ్యాడని కేకలేయాలనిపించింది.

భర్త పోయిన ఆడది ఇల్లు కదలకూడని నెలల్లో ఒకనాడు తుహ్ఫా వచ్చింది. పెళ్ళింట్లో ఆ గొడవ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. గుమ్మంలోనే కూర్చుని, కొంగులోంచి కాసిని ఎండు ఖర్జూరాలు తీసి పెట్టింది.

"ఆనాడు నేను అబద్ధమాడానని అనుకున్నావు" అంది.

"ఆడలేదా?"

"లేదు. అవునని నేనెప్పుడన్నాను? ఆ మాట వింటే నాకు నిజంగానే ఏడుపొచ్చేది. నా ఇల్లూ అట్లాంటిదేగా ముజ్నా. నీకు అడగడానికి నోరొచ్చింది, నాకు రాలేదు. అంతే తేడా."

ముజ్నా ఆ ఖర్జూరాలు పెట్టిన చేతి వంక చూసింది. జ్వరంలో నుదుట పడ్డ తడిగుడ్డ ఈ చేతిదే. ఒక పండు తీసుకుని చీల్చి, గింజ తీసేసి, సగం తుహ్ఫాకు ఇచ్చింది. "నీ ఏడుపు నీది, నా ఏడుపు నాది. రెండూ కలపొద్దు. తిను" అంది. ఆ తర్వాత ఇద్దరూ రోజూ కలిసేవాళ్ళు, రోజూ పోట్లాడుకునేవాళ్ళు.

దారులు తెరుచుకున్నాక జావా నుంచి ఊళ్ళోవాళ్ళ కొడుకులు, మనవలు తిరిగొచ్చారు. వాళ్ళ చేతుల్లో అచ్చు పుస్తకాలు. సమాధి దగ్గర చేరి ఆయన దువాలు ఆయన పలికినట్టే పలికేవాళ్ళు. ఒక నడివయసు మనిషి ముజ్నా గుమ్మంలోకి వచ్చి, "మా అమ్మ ఆ ఓడ దువా చదివి నన్ను సాగనంపిందమ్మా. షేక్‌గారు నాకు కన్నతండ్రిలాగా తెలుసు" అన్నాడు.

"నీకు ఆయన రాత తెలుసు నాయనా" అంది ముజ్నా. "ఆయన గురక తెలుసా?"

అతను బిక్కమొహం వేశాడు. ముజ్నాకే జాలేసి కాఫీ ఇచ్చింది.

కొన్నేళ్ళకు సేయూన్ ఊరినుంచి యుస్లిం అనే పండితుడు వచ్చాడు. షేక్ కరామా జీవితమూ రచనలూ ఒక పుస్తకంగా రాస్తున్నాడు. వినయం గల మనిషి. తెర అవతల కూర్చుని అడుగుతుంటే ముజ్నా ఓపిగ్గా చెప్పింది. ఎప్పుడు పుట్టాడు, ఎవరి దగ్గర చదివాడు, ఏ పుస్తకం ఏ ఏట రాశాడు, సిరా ఎట్లా కలిపేవాళ్ళు, అన్నీ చెప్పింది. ఉప్పు అడిగితే పసుపు అందించిన సంగతి చెబితే అతను రాసుకోలేదు. రాసుకోమని గదిమింది. రాసుకున్నాడు.

"ఇంకొక్కటే అమ్మా. ఆఖరి పొద్దున మీరొక్కరే దగ్గరున్నారట. ఏమైనా మాట్లాడారా?"

"మాట్లాడారు."

యుస్లిం కలం సిరాలో ముంచిన చప్పుడైంది. "ఏమన్నారు?"

ముజ్నా తెరను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, అట్లాంటి మహానుభావుల ఆఖరి మాట లోకానికి కావాలి. ఎంతమంది దానితో దారి వెతుక్కుంటారో."

"ఆయన పొద్దున్నే లేచి చెప్పుకున్న దువాలు తీసుకున్నారు. రోగుల దువా నా జ్వరంలోంచి తీసుకున్నారు. నేను ఏడిస్తే ఆ ఏడుపు కూడా అచ్చువేసి ఊరూరా అమ్ముకున్నారు. లోకానికి ఇంకా ఆకలి తీరలేదా? ఇది నాది. ఇవ్వను."

యుస్లిం రెండు రోజులు ఊళ్ళో ఉండి బతిమాలాడు. ఇమాం చేత చెప్పించాడు. కూతుళ్ళు వచ్చి అడిగారు. తుహ్ఫా అయితే, "నాకొక్కదానికి చెప్పవే, ఎవరికీ చెప్పను" అని గడ్డం పట్టుకుంది. "నీకు అసలు చెప్పను" అంది ముజ్నా.

ఏడాది తిరిగాక పుస్తకం వచ్చింది. యుస్లిం ఒక ప్రతి పంపాడు. ముజ్నాకు చదవడం రాదు. చూపు కూడా ఆనడం లేదు. పెద్ద కూతురు పక్కన కూర్చుని మొదటి నుంచి చదివింది. పుట్టుక, చదువు, గురువులు, గ్రంథాలు. ముజ్నా కొన్నిచోట్ల మూతి విరిచింది, కొన్నిచోట్ల కునికింది. చివరి పేజీకి వచ్చేసరికి కూతురు కొంచెం తటపటాయించి చదివింది. "షేక్ కరామా ఆఖరి మాట ఆయన భార్య ముజ్నాకు తప్ప మరెవరికీ తెలియదు."

ముజ్నా నిటారుగా కూర్చుంది.

"ఆ ముక్క మళ్ళీ చదువు" అంది.